రోడ్డు కింద మెట్లు

మా ఊరి పేరు ఇక్కడ రాయను. తిరువళ్ళూరు దాటి తిరుత్తణికి పోయే రైలుదారి పక్కన ఉండే ఊళ్ళలో ఒకటనుకుంటే చాలు. పేరు రాస్తే ఆ ఊరొక్కటే అట్లాంటిదని పక్క ఊళ్ళవాళ్ళు మీసాలు దువ్వుకుంటారు. వాళ్ళ రోడ్లూ నేను చూశాను.

పంచాయతీవాళ్ళు జనం డబ్బు తగలేస్తున్నారనే మాట ఊహ తెలిసినప్పటినుంచీ వింటున్నాను. మా పక్క పన్నును వరి అంటారు. టీ అంగడి బల్ల మీద కూర్చున్న ప్రతివాడూ గ్లాసు చేతికి రాగానే, "మన వరి డబ్బంతా యాడికి పోతా ఉండాదో తెల్సునా?" అని మొదలుపెడతాడు. తెలుసుకోవాలని కాదు. అడుగుతాడు, టీ తాగుతాడు, లేచి పోతాడు. నాకు ఆ అలవాటు లేదు. నేను అడిగితే జవాబు వచ్చేదాకా కదలను. అందుకే నన్ను గేటు దగ్గర చూస్తే పంచాయతీ ఆఫీసులో ఫ్యాను కింద కూర్చున్నవాళ్ళకు కూడా చెమట పట్టేది.

బడిలో నేను చదివింది అయిదో తరగతి వరకే. అప్పటికి మా ఊరు చిత్తూరు జిల్లాలో ఉండేది, చదువు తెలుగులో. తరవాత మేం ఇల్లు కదలకుండానే మద్రాసు రాష్ట్రంలోకి వచ్చాం. ఆఫీసు బోర్డులు అరవంలోకి మారాయి. రోడ్డు ఎస్టిమేట్లు మాత్రం ఇంగ్లీషులోనే ఉండేవి. మూడు భాషలూ వస్తే తప్ప ఇంటి ముందర ఏం జరుగుతోందో అర్థం కాని పరిస్థితి. పంచాయతీవాళ్ళు గోడలకు అంటించే నోటీసులు చదివి అరవం నేర్చుకున్నాను. సైకిల్ సామాన్ల క్యాటలాగులు తిరగేసి ఇంగ్లీషు నేర్చుకున్నాను. ఇప్పటికీ నా ఇంగ్లీషులో బ్రేకులూ బేరింగులే ఎక్కువ.

పేటవీధి మొదట్లో నాది బాడుగ సైకిళ్ళ అంగడి. నాకు ఎదురుగా మా బావ అంగడి. బావంటే మా అక్క మొగుడు. బియ్యం, పప్పులు, బెల్లం, శెనక్కాయలు అమ్మేవాడు. వీధి మీదనుంచి నల్లరాతి మెట్లు, మెట్ల పైన గడప, గడప దాటితే బెల్లం వాసన. మెట్టు మీద ఎవరి కాలు పడినా బావ తక్కెడ మీదనుంచి తల ఎత్తకుండానే, "ఎక్కి రా తల్లీ, ఎక్కి రా" అనేవాడు. మగవాడు వచ్చినా తల్లీ అనే అనేవాడు. ఎవరూ తప్పు పట్టలేదు.

మా వ్యాపారస్థుల ఇళ్ళల్లో అంగడి గడపకు ఒక మర్యాద ఉంది. దాన్ని నిలిపేరోజు కింద నవధాన్యాలు పోసి, ఇంటి పెద్దావిడ తన చేత్తో పసుపు రాసి కూర్చోబెడుతుంది. ఆ కుటుంబం అక్కడ వ్యాపారం చేసినంతకాలం ఇక దాన్ని లేపరు. బావ గడపను వాళ్ళమ్మ కూర్చోబెట్టింది. ఇంకొక మాట కూడా ఉంది: అంగట్లోకి ఎక్కాలే గాని దిగకూడదు, దిగి వెళ్ళే అంగట్లోకి లక్ష్మి రాదు అంటారు. లక్ష్మి సంగతి నాకు తెలియదు. వాననీళ్ళు మాత్రం పిలవకుండానే వస్తాయి.

ఇక రోడ్డు సంగతి. ఆడి కృత్తికకు, అంటే అరవవాళ్ళ ఆషాఢంలో, తిరుత్తణి కొండ మీది సామి దగ్గరికి పోయే కావళ్ళు మా పేటవీధి మీదుగానే పోయేవి. పసుపు గుడ్డలు కట్టుకుని, భుజం మీద కావడితో, ఉత్త కాళ్ళతో వేలమంది. వాళ్ళ కాళ్ళకు రాయి గుచ్చుకుంటే పాపం ఊరిది. అందుకని డెబ్భైల మొదట్లో పంచాయతీ మా వీధికి తారురోడ్డు వేసింది. ఆరోజు నేనూ సంతోషించాను, అబద్ధం ఎందుకు. రోలరు వస్తుంటే వీధంతా బయటికి వచ్చి నిలబడింది. మా అక్క రోలరుకు హారతి కూడా ఇచ్చింది.

ఆ సంతోషం అలవాటయిపోయింది. ఆడి నెల దగ్గర పడిందంటే కంకర జల్లి కుప్పలు దిగేవి, తారు పీపాల కింద మంట లేచేది. నిరుడు వేసిన రోడ్డు బాగానే ఉన్నా సరే, దాని మీదనే ఇంకో పొర. కావళ్ళ కోసమని కేటాయించిన డబ్బు కావళ్ళకే కావాలి, లేకపోతే సామికి కోపం, ఆడిట్‌కు ఇంకా కోపం. రెండోసారో మూడోసారో పని చూసే ఓవర్సీరును అడిగాను.

"సార్, పాతది తవ్వి తీసేసి గదా కొత్తది ఎయ్యాల?"

"తవ్వేది ఎస్టిమేటులో లేదప్పా."

"ఎస్టిమేటు రాసేది మీరే గదా?"

"పోయినేడు ఎట్ల ఉండిందో ఈయేడూ అట్లనే రాసినాం. పోయినేడు లేంది ఈయేడు పెడితే, ఇదేంది కొత్తగా అని పైన అడగరా?"

"అడిగితే చెప్పండి, రోడ్డు పైకి లేస్తా ఉండాదని."

ఆయన నవ్వాడు. "రోడ్డు పైకి లేస్తే మంచిదే గదప్పా. ఊరు పైకొచ్చినట్టు."

ఊరు పైకి రాలేదు. బావ మెట్లు కిందికి పోయాయి. ఒక ఏడాది అట్టడుగు మెట్టు అంచు మాత్రమే కనిపించింది. ఆ మరుసటేడు అదీ లేదు. నా అంగట్లో లెక్క ఇంకా సులభం. సైకిళ్ళు ఎక్కించుకోవడానికి నేనొక టేకు పలక వేసుకున్నాను. మొదట్లో ఆ పలక వీధినుంచి అంగట్లోకి ఎగువగా ఉండేది. కొన్నేళ్ళకు చదునయింది. ఆ తరవాత పొద్దున షట్టరు ఎత్తి పలక వేస్తే సైకిళ్ళు వాటంతట అవే లోపలికి జారిపోయేవి.

వీధిలో మిగతావాళ్ళు ఏం చేశారని అడగండి. పంచాయతీని పట్టుకున్నారా? లేదు. మేస్త్రీని పట్టుకున్నారు. రోడ్డు పెరిగిందా, అంగడి పెంచాలి. నాకు ఎడంపక్క ఇత్తడి సామాన్ల అంగడాయన నేల ఒక మూరెడు లేపాడు. ఆయన లేపాడని బట్టల అంగడాయన మూరన్నర లేపాడు. గడప లేపకూడదన్న మాటకు శాంతి చేయించుకున్నారు. వీధంతా ఒకరి మీద ఒకరు ఎత్తు కట్టుకుంటూ పోయారు. ఇళ్ళ లోపల మనుషులు తలలు వంచుకుని నడిచేవాళ్ళు, ఎందుకంటే నేల లేచిందిగాని మిద్దె లేవలేదు.

నేనూ లేపలేదు, సైకిళ్ళు తడిస్తే తుడుచుకోవచ్చు; తడిస్తే పాడయ్యే సరుకున్నవాళ్ళలో బావ ఒక్కడే లేపలేదు. మా అక్క చెప్పి చూసింది.

"అందురూ లేపుకున్నారు గదా, మీకేమి?"

"అమ్మ కూర్చోబెట్టిన గడప అది. రోడ్డు తప్పు చేస్తే గడపను శిక్షిస్తారా యాడైనా?"

"గడప కోసం అంగడి పోగొట్టుకుంటారా?"

ఆ ఏడు అయిప్పసి వానలకు, దీపావళి నెలలో, వీధి నీళ్ళన్నీ ఆ వరసలో అన్నిటికంటే పల్లంగా ఉన్న అంగట్లోకే వచ్చాయి. బస్తాలను బల్లల మీదికి ఎత్తేలోపల అడుగు వరస తడిసిపోయింది. శెనగలు మొలకలెత్తాయి. పంచాయతీవాళ్ళు ఒక డీజిలు ఇంజను బాడుగకు తెచ్చి వీధిలో నిలిచిన నీళ్ళు తోడించారు. రోడ్డు ఎత్తు చెయ్యడానికి వరి డబ్బు, ఆ ఎత్తుకు నిలిచిన నీళ్ళు తోడడానికి వరి డబ్బు. ఇంజను దడదడమంటూ ఉంటే పక్కన గొడుగు పట్టుకుని నిలబడ్డ గుమాస్తా నాతో, "చూడు, ఎంత వేగంగా పని చేస్తా ఉండామో" అన్నాడు. ఆరోజు నేను ఆ మనిషిని ఏమీ అనకుండా ఇంటికి పోయానంటే అది నా పెద్దరికం.

ఇక్కడొక మాట ఆగి చెప్పాలి. ఇందులో దొంగ ఎవడూ లేడు. నాకు ఆ అనుమానం ఉండి, తారు పోసేటప్పుడు పక్కన నిలబడి చూసేవాణ్ణి. తారు సరిగ్గానే పోశారు, జల్లి సరిగ్గానే పరిచారు. దొంగ తిన్న డబ్బు కనీసం వాడి పిల్లల కడుపులోనైనా పడుతుంది. మా వీధికి నిజాయితీగా పోసిన డబ్బు మా గడపల మీద పడింది. పంచాయతీ డబ్బు దుబారా అనగానే అందరూ దొంగను వెతుకుతారు. దొంగ దొరక్కపోతే దుబారా లేదనుకుని ఇంటికి పోతారు. నాకు అక్కడే మండుతుంది.

మధ్యలో కొన్నేళ్ళు ఎన్నికలు లేకుండా పోయాయి. తలైవరు ఇంట్లో కూర్చున్నాడు. ప్రెసిడెంటును మేం అట్లాగే అంటాం. ఆఫీసర్ల పాలన వచ్చింది. అందులో ఒక ఆఫీసరు మంచివాడు. ఒకరోజు తన సైకిలుకు పంచరు వేయించుకోవడానికి నా అంగడికి వచ్చాడు. పలక మీద పెట్టి సైకిలు వదలగానే అది జర్రున లోపలికి పోయి గోడకు కొట్టుకుంది. ఆయన బయటికి వచ్చి వీధిని ఆ చివరనుంచి ఈ చివరదాకా చూశాడు. బావ అంగడి ముందర మిగిలిన ఒకే ఒక మెట్టును కూడా చూశాడు. ఈసారి కొత్త పొర వద్దు, ఉన్నది తవ్వి పాత మట్టానికి దించుదాం అన్నాడు. నాకు ఆయన కాళ్ళు మొక్కాలనిపించింది. వయసులో చిన్నవాడు కాబట్టి మొక్కలేదు.

పంచాయతీ ఆఫీసు వరండాలో వీధివాళ్ళను పిలిచి సంగతి చెప్పాడు. ఆయన మాట పూర్తి కాకముందే ఇత్తడి సామాన్ల అంగడాయన లేచాడు.

"సార్, ఇప్పుడు రోడ్డు దించితే నా అంగడి మిద్దె మీద ఉన్నట్టు ఉంటాది. ముసిలోళ్ళు నిచ్చెన ఏసుకోని ఎక్కాల్నా?"

బట్టల అంగడాయన అందుకున్నాడు. "కావళ్ళు వచ్చే కాలంలో వీధి తవ్వి పెడతారా? సామి దోవ తవ్వినోడు బాగుపడింది యాడైనా ఉండాదా?"

వెనకనుంచి ఇంకెవరో, "ఏసిన రోడ్డు తవ్వి పారేస్తే మన వరి డబ్బు తవ్వి పారేసినట్టే గదా! ఇదేం దుబారా!" అన్నారు. వరండా అంతా అవునవును అంది.

నేను ఊరుకోలేదు. "అన్నా, ఏటేటా పొయ్యేది దుబారా కాదు, ఒక్కసారి తవ్వేది దుబారానా?"

"నీకేమప్పా," అన్నాడు ఇత్తడాయన, "సైకిళ్ళకు గాలి కొట్టి కొట్టి మాటల్లోనూ గాలే కొడతా ఉండావు."

అందరూ నవ్వారు. ఆఫీసరు నవ్వలేదు. ఆయన బావ వైపు తిరిగి అరవంలో, "పెద్దాయనా, నష్టం మీకు గదా, మీరేమంటారు?" అని అడిగాడు.

బావ భుజం మీద కండువా సర్దుకుని లేచాడు. "నేను ఒగణ్ణి, సార్. వాళ్ళు వీధంతా. ఒగడి కోసం వీధిని దించమని నేనెట్లా అడిగేది?" అని కూర్చున్నాడు.

అంతే. తవ్వలేదు. ఆఫీసరు బదిలీ అయి పోయాడు. ఆ ఆడికి మళ్ళీ జల్లి కుప్పలు దిగాయి. ఆ పొరతో బావ ఆఖరి మెట్టు కూడా రోడ్డు కిందికి పోయింది. ఆ మరుసటి పొరకు గడప వీధికంటే పల్లంలో పడింది. బేరానికి వచ్చే ముసలమ్మలు గడప ముందర ఆగి, చీర కుచ్చిళ్ళు పట్టుకుని, గుంటలోకి దిగినట్టు దిగాల్సి వచ్చేది. కొందరు ఆగి, చూసి, పక్క అంగడికి పోయేవాళ్ళు. దిగేది అశుభమనో, కాలు జారుతుందనో. బావ "ఎక్కి రా తల్లీ" అనడం మానేశాడు. "రాండి" అనేవాడు, అదీ తక్కెడ వైపు చూసి.

మా అక్క నా అంగడికి వచ్చి స్టూలు మీద కూర్చుంది. "అంగడి మూసేస్తాడంటరా. అత్తిమంజేరిపేటలో ఆ కొంచెం నేల ఉండాదే, ఆడికి పోయి సేద్యం చేసుకుందాం అంటా ఉండాడు. ఈయనకు సేద్యం ఏం తెల్సురా? నాగలికి ముందేదో వెనకేదో తెలీదు."

నేను ఆరోజు సాయంత్రం బావ దగ్గరికి పోయాను. అంగడి వెనక గదిలో కూర్చున్నాను. ఆ గది గోడకు ఆవల ఒక సందు. బండ్లు తోలేవాళ్ళు, ఒక టైలరు, పూలు కట్టి అమ్ముకునే ఆడవాళ్ళు ఉండే సందు. అక్కడ ఏ సామీ ఊరేగడు, ఏ కావడీ రాదు. కాబట్టి ఏ తారూ పడలేదు. పంచాయతీ ఆ సందును పుట్టినప్పటినుంచీ మరిచిపోయింది. నేను వెనక కిటికీలోనుంచి చూస్తే నేల చాలా కింద కనిపించింది. బావ పెద్దలు ఇల్లు కట్టిన నాటి మట్టం.

"బావా, ఈ పక్కనుంచి చూస్తే నీ అంగడి ఇంకా ఎత్తులోనే ఉండాది."

బావ వచ్చి కిటికీలోనుంచి చూశాడు.

వెనక గోడ పగలగొట్టి వాకిలి పెట్టించాడు. సందులోకి రాతి మెట్లు దించాడు. గడప సంగతి వచ్చేసరికి ముందరి గడపను లేపనన్నాడు. అది ఉన్నచోటే ఉంటుంది, తలుపు మూసి ఉంటుంది, శుక్రవారం పసుపు కుంకుమ పెడతాం, అన్నాడు. వెనక వాకిలికి కొత్త గడప మా అక్క చేత్తో కూర్చోబెట్టించాడు. "ముందరిది నిద్రపోతా ఉండాది, చచ్చిపోలేదు" అని వచ్చినవాళ్ళకు చెప్పేవాడు. పేటవీధిలో "పెరటంగడి" అని ఎగతాళి చేశారు. చేస్తే చేశారు. సందులోవాళ్ళు వచ్చారు. ఎత్తుగడపల మీద కాళ్ళు నొప్పులు పెట్టినవాళ్ళు కూడా చుట్టూ తిరిగి వచ్చారు. ఎక్కడానికి మంచి మెట్లు, పట్టుకోవడానికి గోడ. మరిచిపోవడం కూడా పంచాయతీ చేసే సేవేనని అప్పుడు అర్థమయింది.

ఎనభైల చివరి భాగంలో ఎన్నికలు మళ్ళీ వచ్చాయి. మా వార్డుకు ఇత్తడి సామాన్ల ఆయనే మెంబరయ్యాడు. ఒక మార్చి నెలలో ఆయన సందులోకి వచ్చాడు. మెట్ల కింద నిలబడి, ముఖమంతా నవ్వుతో బావను పిలిచాడు. నేను అక్కడే బెల్లం ముక్క చప్పరిస్తూ ఉన్నాను.

"అన్నా! మీ సందుకు రోడ్డు శాంక్షనైంది. పోట్లాడి తెచ్చినా!"

బావ చేతిలో తక్కెడ ఆగిపోయింది. "తవ్వి ఏస్తారా?"

"తవ్వేది ఎస్టిమేటులో లేదన్నా. తారు ఉండాది, జల్లి ఉండాది, రోలరు బాడుగ ఉండాది."

"అట్లయితే మాకు వద్దు."

"రోడ్డు వద్దనేవాణ్ణి ఇప్పుడే చూస్తా ఉండా! నెల ముగిసేలోపల ఖర్చు కాకుంటే డబ్బు ఎనక్కి పోతాది. ఎనక్కి పోతే, డబ్బు దుబారా చేసినాడని వరి కట్టేటోళ్ళు నన్ను చెప్పుతో కొడతారు."

ఆయన అబద్ధం ఆడలేదు. నిజంగానే కొట్టేవాళ్ళం. మా ఊళ్ళో ఖర్చు చేసిన డబ్బు ఎప్పుడూ దుబారా కాదు, వెనక్కి పోయిన డబ్బే దుబారా. ఆ లెక్క ఆఫీసులో పుట్టిందని ఇన్నాళ్ళూ అనుకున్నాను. అది టీ బల్ల మీద పుట్టింది.

మెంబరు పోయాక సందులోవాళ్ళు బావ మెట్ల దగ్గర చేరారు. రోడ్డు కావాలన్నవాళ్ళూ ఉన్నారు, న్యాయమే. వానకు ఆ సందులో బండి చక్రాలు ఇరుసుదాకా దిగబడేవి. రోడ్డూ కావాలి, మెట్లూ మిగలాలి. అర్జీ రాద్దామన్నాడు టైలరు. తిరువళ్ళూరు పోయి పెద్ద ఇంజినీరును చూద్దామన్నాను నేను. అర్జీ అరవంలో రాయాలా ఇంగ్లీషులోనా అని మేం వాదించుకుంటూ ఉండగా దబ్‌మని చప్పుడయింది. చూస్తే మా అక్క. కొంగు నడుముకు చుట్టుకుని, గడ్డపారతో సందు నడుమ తవ్వుతోంది.

"మీరు రాసుకుంటా ఉండండి," అంది. "తవ్వేది ఎస్టిమేటులో లేదంటే, మన చేతుల్లో ఉండాది గదా."

ముసలిదానితో తవ్వించి చూస్తూ కూర్చోవడం బండివాళ్ళకు సిగ్గయింది. పారలు వచ్చాయి. బావ పంచె ఎగగట్టాడు. పూలమ్మేవాళ్ళు గంపలతో మట్టి ఎత్తారు, బండ్లవాళ్ళు తోలారు. జల్లి, తారు పడితే ఎంత లేస్తుందో అంత లోతు తవ్వాం, సందు చివర ఉన్న కాలవ వైపు వాలు పెట్టి. నేను బాడుగ సైకిళ్ళ మీద నంబర్లు వేసే తెల్ల రంగు డబ్బా తెచ్చి, సందు పొడుగునా ప్రతి ఇంటి పునాదిరాయి మీదా ఒక గీత గీశాను. రోడ్డు ఇంతకు మించి లేవకూడదని.

రోలరుతో వచ్చిన ఓవర్సీరుకు కళ్ళు తిరిగాయి. "ఎవుర్ని అడిగి తవ్వినారు? ఇది సర్కారు నేల!"

"సర్కారు నేల సర్కారుకే ఉండాది, సార్. ఒక గంపెడు మట్టి ఇంటికి తీసుకుపోలేదు. అదో, కాలవ గట్టు మీద కుప్ప పోసినాం. మీరు తవ్వాల్సింది మేం తవ్వినాం. దానికి వరి తగ్గించమని కూడా అడగం."

ఆయన కోపంగా వంగి గీత చూశాడు. ఇంకో ఇంటి గీత చూశాడు. ఏమనుకున్నాడో, నవ్వుకుని రోలరువాడితో, "గీత చూసుకోని తొక్కించు" అన్నాడు.

పంచాయతీలు జనం డబ్బు తగలేస్తాయా అని ఇప్పుడు నన్నెవరైనా అడిగితే ఒక్క మాటలో చెప్పే జవాబు నా దగ్గర లేదు. నాకు అరవం నేర్పింది పంచాయతీవాళ్ళు గోడకు అంటించిన నోటీసులే, అది మరిచే కృతఘ్నత నాకు వద్దు. తగలేస్తాయి, అది మాత్రం కళ్ళారా చూశాను. కాని మా వీధిలో తగలేసిన ప్రతి పొరకూ మేం హారతి ఇచ్చాం. తగలేయొద్దన్న ఒక్క ఆఫీసరునూ దుబారా మనిషివని పంపించాం. పేటవీధికి ఆ తరవాత కూడా పొరలు పడుతూనే వచ్చాయి. ఆ రోడ్డు కింద బావ నల్లరాతి మెట్లు ఇప్పటికీ భద్రంగానే ఉండి ఉంటాయి.

ఆ ఏడు అయిప్పసి వాన బాగా పట్టినరోజు నేను గొడుగు వేసుకుని సందులోకి పోయాను. నీళ్ళు కాలవ వైపు పరుగెత్తుతున్నాయి. నా తెల్ల గీతలు నీళ్ళకు పైన కనిపిస్తున్నాయి. బావ మెట్ల పైన పీట వేసుకుని కూర్చుని ఉన్నాడు. ఇంటికి ముందర, పేటవీధి వైపునుంచి, డీజిలు ఇంజను దడదడ వినిపిస్తోంది.

"విను బామ్మర్దీ," అన్నాడు బావ. "నీ వరి డబ్బు మోగతా ఉండాది."

నాకు నవ్వు రాలేదు. ఆయన మాత్రం నవ్వుతూనే ఉన్నాడు. ఇంతలో గోనెపట్టా తల మీద కప్పుకుని ఎవరో ముసలమ్మ గోడ పట్టుకుని మెట్టు మీద కాలు పెట్టింది. బావ లేచి లోపలికి పోయి తక్కెడ అందుకున్నాడు. తల ఎత్తి చూడలేదు.

"ఎక్కి రా తల్లీ," అన్నాడు, "ఎక్కి రా."